మీ దగ్గర ఎవరైనా ఉన్నారా

అయినా దర్జీ చూపు దర్జీదే, ఇన్నాళ్లూ కళ్లు తెరవడానికే ఓపిక లేక పడి ఉన్న మనిషి పొద్దున ఆక్సిజన్ మాస్కు తియ్యగానే నీళ్లు అడగలేదు, పెళ్లాన్ని అడగలేదు, అమ్మాయ్ తల నుంచి కాళ్ల దాకా నీ ఈ తొడుగు ఎవడు కుట్టాడు, చంకల దగ్గర గుడ్డంతా దండగ, ఇద్దరు పడతారు ఇందులో అన్నాడు, నవ్వొచ్చింది, నవ్వితే కళ్లద్దాలకి ఆవిరి పట్టి మంచం కూడా కనబడలేదు, ఆ ఆవిరిలోనే నిలబడి ఈయన ఇంటికెళ్తాడు అనుకున్నాను, అనుకుని వెంటనే నాలుక కరుచుకున్నాను, ముందే సంతోషపడితే దిష్టి తగులుతుందని మా వార్డులో నర్సులందరికీ భయం, డాక్టరుగారు వచ్చి చూసి రెండు మూడు రోజుల్లో పంపించేద్దాం అనేదాకా ఆ సంతోషాన్ని పళ్ల బిగువున పట్టుకుని తిరిగాను.

ఇప్పుడు తొడుగు విప్పేసి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, వరండా చివర ఫోను గదిలో కూర్చున్నాను, గది అంటే గది కాదు, విరిగిన చక్రాల కుర్చీలు పడేసే కొట్టు, ఈ అంటుజబ్బు వచ్చి బంధువుల్ని లోపలికి రానివ్వడం మానేశాక ఒక బల్లా ఫోనూ పెట్టారు, మధ్యాహ్నం అయ్యేసరికి ఇంటింటికీ ఇక్కణ్నించి కబురు చెప్పడం నా పని, నీ గొంతు రాయమ్మా, వణకదు అని హెడ్ నర్సు అక్క నాకే అప్పగించింది, మొదట్లో గర్వంగానే ఉండేది, తర్వాత ఇంటికెళ్లినా ఆ గొంతే వస్తోంది, అన్నం తిన్నావా అని అడిగితే మా అమ్మాయి అదోలా చూసి, అమ్మా నాతో ఫోనులో మాట్లాడినట్టు మాట్లాడకు అంది, మా ఆయన నవ్వేశాడు, నాకు మాత్రం ముద్ద దిగలేదు, నిన్న అక్కతో చెప్పేశాను, మంచాలు మార్చమను, మనుషుల్ని ఎత్తమను, ఈ ఫోను మాత్రం నావల్ల కాదు అని, అక్క కోప్పడలేదు, రేపు సాయంత్రంలోగా ఆలోచించుకుని చెప్పు అంది, ఇందులో ఆలోచించడానికేముంది, గొంతు విరిగిందంటే అవతలివాళ్లు కూలిపోతారు, విరక్కుండా ఉంచుకోవడం ఇక నా చేతకాదు, అంతేగా.

దర్జీ గారి భార్య సగం రింగులోనే ఎత్తుతుంది, ఫోను ఒళ్లో పెట్టుకునే కూర్చుంటుందేమో, వెనకాల కొడుకు తొక్కుతున్న మిషను చప్పుడు, పెద్దమ్మా నేను అన్నాను, చెప్పు తల్లీ అంది, సంతోషం గొంతు దాకా తన్నుకొచ్చింది, ఈ మాట ఆవిడ ఒక్కతే వినడమేమిటి, కొడుకూ కోడలూ కూడా వినాలి అనిపించి, మీ దగ్గర ఎవరైనా ఉన్నారా అన్నాను, అంతే, తల్లి ముఖం చూశాడేమో కొడుకు, అవతల మిషను ఆగిపోయింది, అప్పుడు తట్టింది నాకు, నా నోరు పడిపోను, చావు కబురు చెప్పే ముందు మేం అడిగే మాట అది, ఒంటరిగా ఉన్నప్పుడు కబురు విని ఒకావిడ పడిపోయిందని అక్క పెట్టిన పద్ధతి, ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు ఆ ప్రశ్న వస్తే ఏమిటో, లేదు లేదు పెద్దమ్మా, బాగున్నారు, ఆక్సిజన్ తీసేశారు, లేచి కూర్చున్నారు అంటున్నాను, బాగున్నారు అన్న మాట దగ్గరే గొంతు రెండు ముక్కలైంది, ఏడుపు, ఈయన కోసం కాదు, కిటికీ పక్క మంచం మీద పోయిన పంతులమ్మ కోసం, ఆవిడ తర్వాత అదే మంచం మీదికి వచ్చిన డ్రైవరు కోసం, వాళ్ల ఇళ్లకి రాయిలా చెప్పినవన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి, ఆపుదామంటే ఆగవు.

ఏడుస్తూ బాగున్నాడంటే ఎలా నమ్మేది తల్లీ, ఆయనేమన్నాడో చెప్పు అంది పెద్దమ్మ, ముక్కు చీదుకుని చెప్పాను, నా తొడుగు చంకల దగ్గర గుడ్డ దండగన్నారు అని, అవతల పెద్ద నిట్టూర్పు, ఆయనే, బతికే ఉన్నాడు, పెళ్లిలో నా జాకెట్టుకీ ఇలాగే వంకపెట్టాడు అంది, నవ్విందో ఏడ్చిందో, రెండూనేమో, ఒరే మీ నాన్న వస్తున్నాడ్రా అని లోపలికి కేక, నేను క్షమించండి పెద్దమ్మా అంటూ ఫోను పెట్టెయ్యబోతే, ఉండు, రోజూ మా కోసం ఎంత దిగమింగుకున్నావో, ఏడు తల్లీ, నేను ఫోను పెట్టనులే అంది, ఏడ్చాను, పిచ్చిదానిలా, ఆ విరిగిన కుర్చీల మధ్య, తేలికగా ఉంది, ఆకలి కూడా వేస్తోంది, తలెత్తితే గుమ్మంలో అక్క, ఎంతసేపట్నించి నిలబడిందో, రేపు కూడా ఫోను నేనే చేస్తానక్కా అన్నాను, ముఖం కడుక్కో ముందు అంది, కడుక్కుంటున్నాను, నీళ్లు చల్లగా ఉన్నాయి, నా గొంతు విరిగితే వాళ్లు కూలిపోతారనుకున్నాను ఇన్నాళ్లూ, విరిగింది, పెద్దమ్మ కూలలేదు, నన్నే పట్టుకుంది.