రోస్కోకి నచ్చని టెంట్లు

నాలుగు గంటలకి కూతురు వస్తుంది. ఆ లోపల రోస్కో ట్యాకెట్ వీపు మీది సంచీ పాతిక పౌండ్లకి దిగాలి. దిగకపోతే అతను నడక మానుకుని ఆమె కారెక్కి ఇంటికి పోవాలి.

ఆ సంగతి అతను నా కౌంటర్ ముందు నిలబడి చెప్పేసరికి ఒంటిగంట పది. నేను అప్పుడే బీన్స్ గిన్నెలో చెంచా పెట్టాను.

"పోయినేడు మోకాలికి ఆపరేషన్ అయిందమ్మా. పాతిక పౌండ్లకి మించి మొయ్యొద్దన్నాడు డాక్టరు. తిండి, నీళ్ళతో సహా. మా అమ్మాయి మార్లాకి మాటిచ్చే బయల్దేరాను."

"ఇప్పుడెంత మోస్తున్నారు?"

అతను పక్కచూపులు చూశాడు. "పాతిక... పైన."

సంచీని కాటా కొక్కేనికి తగిలించాను. నలభై ఒకటి.

"పైనే," అన్నాను. చెంచా పక్కన పెట్టేశాను.

జార్జియా కొండల్లో, కాలిబాట రోడ్డుని దాటే కనుమ దగ్గర ఉంది నడిచేవాళ్ళకి సామాను అమ్మే మా కొట్టు. ఇక్కడి నుంచి ఉత్తరాన బాట చివరికి రెండు వేల పైచిలుకు మైళ్ళు. ఏప్రిల్ నెలలో బయల్దేరినవాళ్ళు మూడో రోజుకో నాలుగో రోజుకో మా గుమ్మంలో వచ్చి పడతారు. కొందరికి కొత్త బూట్లు కావాలి. కొందరు ఉన్న బూట్లు విప్పి గుమ్మం ముందరి ఓక్ చెట్టు మీదికి విసిరేసి, ఇంటికి ఫోన్ చేస్తారు. ఆ చెట్టుకి ఆకులకంటే బూట్లే ఎక్కువ. రోస్కో లోపలికొస్తూ ఆ చెట్టు వంక చూడకుండా వచ్చాడు. అది గమనించాను.

బరువు తగ్గాలని వచ్చినవాడి సంచీని నేల మీద బోర్లిస్తాం. అందరి ముందూనే. సిగ్గుపడితే కుదరదు. సంచీ మూతికున్న తాడు ముడి నాకు ఊడిరాలేదు. రోస్కో వేలితో ఒక్కసారి లాగాడు, జారిపోయింది.

ఇనప మూకుడు. చేతిగొడ్డలి. మూడు జీన్స్ ప్యాంట్లు. గాజు సీసాలో వేరుశెనగ వెన్న. మడత కుర్చీ.

"కుర్చీ తెచ్చావేంటి పెద్దాయనా? ఇంకా సోఫా వెనకాల వస్తోందా?" అన్నాడు సగం బ్రష్, స్టవ్ పక్కన బల్ల మీద కాళ్ళు చాపుకుని.

ఈ బాట మీద ఎవరికీ అసలు పేరుండదు. తోటివాళ్ళు ఏది పెడితే అదే పేరు. సగం బ్రష్ వయసు నలభై అయిదు. బరువు తగ్గించడానికి పళ్ళు తోముకునే బ్రష్ పిడిని సగానికి కోసేశాడు. ఊళ్ళో అతను పళ్ళ డాక్టరు. పోస్టులో రావలసిన పార్సిల్ కోసం పొద్దుటి నుంచీ నా కొట్లోనే కూర్చుని, అడిగినవాడికీ అడగనివాడికీ సలహాలిస్తున్నాడు.

నాకు అక్కర్లేనివనిపించినవన్నీ తీసేశాక సంచీ ముప్పైకి దిగింది. ఇక మిగిలిన పెద్ద బరువు ఒకటే. ఇద్దరు పట్టే పాత టెంటు. ఆరున్నర పౌండ్లు.

"ఇది ఇంటికి పంపేయండి. పౌండున్నరకి మించని ఒక్కరి టెంటు తీసుకోండి. సరిగ్గా పాతిక అవుతుంది. మీ పనీ అయిపోతుంది, నా భోజనమూ అయిపోతుంది."

"అది ఉండనీ అమ్మా. ఇంకేదైనా తీద్దాం."

"ఇంకేం తీస్తాం? తిండి తీసేద్దామా?"

సగం బ్రష్ గొంతు సవరించుకున్నాడు. "ఒంటి మీద వేసుకున్నది సంచీ లెక్కలోకి రాదు, పెద్దాయనా. మా వాళ్ళందరి లెక్కా అంతే."

రోస్కో పాత టెంటు సంచీ తీసుకుని బాత్రూములోకి వెళ్ళాడు. అయిదు నిమిషాల తర్వాత వచ్చాడు. నడక తేడాగా ఉంది. కుడికాలు వంగడం లేదు. నడుం ఉన్నట్టుండి లావెక్కింది. సంచీ తగిలించాడు. ఇరవై మూడున్నర.

"రోస్కో గారూ, కూర్చోండి," అన్నాను.

"పర్లేదమ్మా, నిలబడే ఉంటాను."

"కూర్చోండి."

కూర్చోబోయాడు. ఖణేల్‌మంది. ప్యాంటు కాలులో టెంటు కడ్డీలు. జేబుల్లో మేకులు. పైగుడ్డ చొక్కా లోపల నడుముకి చుట్టుకున్నాడు.

"ఆ లెక్క మీ మోకాలికి తెలుసా?" అన్నాను. "మీ అమ్మాయి వచ్చి కావిలించుకుంటే ఏం చేస్తారు?"

పళ్ళ డాక్టరు పైకప్పు చూస్తున్నాడు. రోస్కో కడ్డీలు బయటికి లాగాడు.

నా దగ్గర టెంటు కొనాలంటే ఒక షరతు ఉంది. కొట్టు వెనక గడ్డిలో దాన్ని తనే నిలబెట్టుకోవాలి, లోపల పడుకుని, జిప్పు వేసుకుని పది నిమిషాలు ఉండాలి. తేలిక టెంట్లకి వేరే కడ్డీలుండవు. నడిచే చేతికర్రలే వాటికి గుంజలు. అవి నిలబెట్టడం రానివాడు మొదటి వానకే తడిసి ముద్దై తిరిగొచ్చి నన్ను తిడతాడు. పన్నెండేళ్ళు తిట్లు తిన్నాక పెట్టిన షరతు అది.

మొదటిది నారింజ రంగుది. రోస్కో చకచకా నిలబెట్టేశాడు, నేను చెప్పకుండానే. లోపలికి దూరాడు. వెంటనే బయటికొచ్చాడు.

"రంగు బాలేదమ్మా. తేనెటీగలొస్తాయి."

రెండోది బూడిదరంగుది. దూరాడు, వచ్చాడు. "కాళ్ళు తగులుతున్నాయి."

ఆరడుగుల రెండంగుళాల మనిషి. నిజమే కావచ్చు. పొడుగు మనుషుల కోసం కుట్టింది మూడోది తెచ్చాను.

"ప్లాస్టిక్ కంపు."

"కొత్తది కదండీ, రెండు రోజుల్లో మీ కంపే వస్తుంది."

"నలభై సెకన్లు," అన్నాడు సగం బ్రష్ చేతి గడియారం చూసుకుంటూ. "ఇందాకటికంటే మెరుగే."

"మీరు లోపలికెళ్ళి మీ పార్సిల్ కోసం ఎదురుచూడండి."

మూడు గంటలైంది. పడమటి కొండ మీద ఆకాశం నల్లబడింది. నా బీన్స్ చల్లారి గడ్డకట్టి ఉంటాయి. నాలుగోది నా దగ్గరున్న టెంట్లలోకెల్లా మంచిది. పౌండుంబావు. దీనికి కూడా వంక పెడితే ఇక చూపించడానికి ఏమీ లేదు.

రోస్కో దాన్ని నిలబెట్టి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, లోపలికి దూరకుండా దారం చివర చూస్తున్నాడు. "కుట్టు సరిగ్గా..."

"దూరండి," అన్నాను.

"ఏమ్మా, అయిదో రకం..."

"అయిదో రకం లేదు! మీకు ఇంటికెళ్ళాలనుంటే చెప్పండి, చెట్టు అక్కడుంది, బూట్లు విసిరేయండి. నడవాలనుంటే లోపల పడుకోండి. ఈసారి జిప్పు నేను వేస్తాను."

అతను పడుకున్నాడు. నేను బయటి నుంచి జిప్పు లాగాను. సర్రుమని కింది దాకా వచ్చి, పల్చటి గుడ్డని కొరికి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే వడగళ్ళు మొదలయ్యాయి. శెనగగింజలంత వడగళ్ళు, టెంటు మీద డప్పు వాయించినట్టు.

"తియ్యి!" లోపలి నుంచి అరుపు. "తియ్యి, తియ్యి!"

"ఒక్క క్షణం, గుడ్డ పట్టుకుంది..."

లాగాను. రాలేదు. ఇటు లాగాను. ఆ అరుపులో ఇక మాటలు లేవు. టెంటు ఒక పక్కకి ఉబ్బింది, మేకు ఎగిరిపోయింది, కుట్టు పర్రున చిరిగింది. ఆ చీలికలోంచి రోస్కో తల, భుజాలు బయటికొచ్చాయి. మిగతా టెంటుని కాళ్ళతో తన్నుకుంటూ గడ్డిలో పడ్డాడు.

కొత్త టెంటు. నాలుగింటిలోకీ మంచిది. తిట్టడానికి నోరు తెరిచాను. అతని మొహం చూసి మూసేశాను. మనిషి సున్నంలా తెల్లబడ్డాడు. రంగు, కాళ్ళు, కంపు, అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి నాకు.

గాలి విసురుగా కొట్టింది. కట్టెల మోపు మీద నేను కప్పిన నీలం పట్టా లేచి, రెక్కలా కొట్టుకుంది. వారం నుంచీ దానికి ముడి వేసి వేసి విసిగిపోయాను. రోస్కో వడగళ్ళలోనే లేచి వెళ్ళాడు. తాడు అందుకుని, మధ్యలో ఒక మెలిక తిప్పి, కింది దుంగ చుట్టూ పోనిచ్చి, ఒళ్ళు వెనక్కి వాల్చి లాగి బిగించాడు. నాలుగు మూలలూ అయ్యాయి. పట్టా చప్పుడు ఆగిపోయింది. నేను ఇంకా చిరిగిన టెంటు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

ఇద్దరం వెనక వరండాలోకి వచ్చాం.

"ఏం పని చేసేవారు మీరు?"

"లారీ. వెనక గోడలూ కప్పూ లేని బల్లబండి. ఉక్కు చుట్టలు, కలప. ముప్పై ఒక్క సంవత్సరాలు." చేతులు రుద్దుకున్నాడు. "రోజూ పట్టా కట్టడమే."

"మరి టెంట్లోకి..."

చొక్కా మీది వడగళ్ళు దులుపుకున్నాడు. "పదకొండేళ్ళ కిందట వర్జీనియాలో బండి పక్కకి పడింది. క్యాబిన్ నలిగింది. పైకప్పు ఇదిగో, మొహానికి ఇంత దూరం. అయిదు గంటలు. మంచు పడుతోంది, మొహం మీదికి రేకు." అరచేతిని ముక్కు ముందు పెట్టి చూపించాడు. "పాత టెంటు ఎత్తుగా ఉంటుంది, తలుపు తీసి పెట్టుకుంటే ఎలాగో సర్దుకుంటానని తెచ్చాను. అదీ కుదరలేదు. మూడు రాత్రులూ బయట కుర్చీలో కూర్చున్నాను. మార్లాకి చెప్పకమ్మా."

ఆ కుర్చీ చూసి నవ్వాం మేం.

"రెండున్నర గంటలు నా ప్రాణం తీశారు కదండీ," అన్నాను. "ఈ ముక్క ఒంటిగంటకే చెప్పి ఉంటే?"

"ఏమని చెప్పను? టెంటంటే భయం, నడుస్తానంటే నువ్వు నవ్వవా?"

లోపలికి వెళ్ళి అడుగు అరలోంచి ఒక మూట తెచ్చాను. పిడికిలంత ఉంది. విప్పితే ఎనిమిదడుగులకి పది, పల్చటి బూడిదరంగు పట్టా. గోడల్లేవు, జిప్పు లేదు. దాన్ని కొత్తవాళ్ళకి చూపించను. ముడులు రానివాడి చేతిలో అది పనికిరాని గుడ్డ. తాళ్ళు, మేకులు, కింద పరుచుకునే షీటు, తలకి దోమల వల, అన్నీ కలిపి ఒక పౌండు.

రోస్కో మొహం మాడ్చుకున్నాడు. "ముప్పై ఏళ్ళు సరుకు మీద కప్పాను. ఇప్పుడు సరుకులా దాని కింద పడుకోమంటావా?"

"మీ సరుకు ఎప్పుడైనా తడిసిందా?"

ఆ మాటకి పౌరుషం వచ్చింది. "ఒక్కసారి కూడా తడవలేదు."

"అయితే వెళ్ళి కట్టండి. టైము మూడూ నలభై."

వడగళ్ళు వానగా మారాయి. అతను గాలి వంక ఒకసారి చూశాడు. వీపు గాలికి పెట్టి ఒక అంచు నేలకి దించాడు, ముందు పక్క రెండు చేతికర్రల మీద లేపాడు. అదే మెలిక, అదే లాగుడు. పట్టా బిగిసింది. కింద షీటు పరిచి, బూట్లతోనే వెల్లకిలా పడుకున్నాడు. మూడు వైపులా తెరుపు. ఎదురుగా కొండ.

"పది నిమిషాలు," అని కేకేశాను.

అతను చెయ్యి ఊపాడు.

మార్లా సరిగ్గా నాలుగింటికి వచ్చింది. తండ్రి పొడుగే, తండ్రి పోలికే. గొడుగు కూడా తెరవలేదు.

"ఆయనేరీ? ఆ చెట్టెక్కి బూట్లు కడుతున్నారా?"

వెనక్కి తీసుకెళ్ళాను. రోస్కో నోరు తెరిచి గురక పెడుతున్నాడు. పట్టా అంచు నుంచి వాన ధారగా కారుతోంది. అతనికి రెండు అడుగుల దూరంలో గడ్డి మునిగిపోయి ఉంది. అతని చొక్కా పొడిగా ఉంది.

ఆమె వంగి చూసింది. "దీన్ని టెంటంటారా? నాలుగు గోడలైనా లేవు."

"లేకపోబట్టే నిద్రపోతున్నారు."

ఆమె నావైపు తిరిగింది. నేను అంతకు మించి చెప్పలేదు. ఆమె చాలాసేపు ఆ నిద్రపోతున్న మొహాన్ని, దాని పైన ఉన్న ఖాళీని చూసింది.

"ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో పడగ్గది తలుపు కూడా వెయ్యనిచ్చేవారు కాదు," అంది మెల్లిగా. "ఉక్కగా ఉందనేవారు. డిసెంబర్లో." పట్టా కిందికి దూరి, తండ్రి భుజం తట్టింది. "నాన్నా. లే. తూకం వెయ్యాలి."

తడిసిన పట్టాని దులిపి మడిచి సంచీలో పెట్టి తూచాం. ఇరవై నాలుగున్నర. మార్లా తండ్రి జేబులు తడిమింది. ప్యాంటు కాళ్ళు తడిమింది. నడుం తడిమింది.

"ఏంటే ఇది, పోలీసువా?"

"నాకు నువ్వు తెలుసుగా నాన్నా."

సగం బ్రష్ మళ్ళీ పైకప్పు చూశాడు.

ఆమె పాత టెంటు, మూకుడు, గొడ్డలి కారులో వేసుకుంది. కుర్చీ చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, అదీ వేసుకుంది. "ప్రతి ఆదివారం ఫోన్ చెయ్యాలి. ఎంత మోస్తున్నావో చెప్పాలి. అబద్ధమాడితే వచ్చి ఈడ్చుకెళ్తా." అతన్ని గట్టిగా కావిలించుకుంది. ఏమీ ఖణేల్‌మనలేదు.

"ఇతనికి పేరు పెట్టాలి," అన్నాడు సగం బ్రష్. "సరుకు. ఎలా ఉంది?"

నేను కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. బీన్స్ గిన్నె ఖాళీగా ఉంది. చెంచా నాకి మరీ పెట్టాడు.

"చల్లారిపోతున్నాయని..." అన్నాడు పళ్ళ డాక్టరు.

తిట్టడానికి అతని వైపు తిరిగాను. ఇంతలో గుమ్మంలోంచి సరుకు తల లోపలికి పెట్టాడు. సంచీ వీపుకెక్కింది, చేతికర్రలు చేతిలో ఉన్నాయి.

"ఏమనుకోకమ్మా. ఆ పట్టా బూడిదరంగులోనే ఉందా? ఆకుపచ్చది ఏమైనా..."

"నడవండి!" అన్నాను.