పెనం వాటా

నేను ఒక ఇనప పెనాన్ని. ముందే చెప్పేస్తున్నాను, నాకు ఓర్వలేనితనం కాస్త ఎక్కువ. సాలూరులో పాత లారీలు విప్పే షెడ్డులో, ఒక లారీ అడుగు పలకలోంచి నన్ను గుండ్రంగా కోశారు. మొదట కొన్నది పెళ్ళిళ్ళకి వండే వంట మేస్త్రి. ఆయన దగ్గర నాలాంటివి ఇంకా చాలా ఉండేవి, ఏ ఒక్కదాని మీదా ఆయనకి ప్రత్యేకమైన ప్రేమ లేదు. ఆయన వంటలు మానేసిన రోజు మా అందరినీ అరుగు మీద పేర్చాడు. ఎర్నమ్మ మిగతావాటిని దాటుకుని వచ్చి నన్నే వేళ్ళతో తట్టి చూసింది. ఆ సంగతి ఆ మిగతావాటికి ఇప్పటికీ గుర్తుండాలని నా కోరిక.

ఎర్నమ్మ, ఆమె మొగుడు సన్యాసిరావు లారీలు ఆగే చోట అట్ల కొట్టు నడుపుతారు. పొద్దున్నే ఆమె ఉల్లిపాయని సగానికి కోసి, నూనెలో ముంచి, నా ఒళ్ళంతా రుద్దేది. తొలి అట్టు ఎవరికీ అమ్మేది కాదు. “ఇది దీని వాటా” అని పక్కన పెట్టి, తర్వాత కాకులకి వేసేది. తినేవి కాకులే, పేరు మాత్రం నాది. జనం కష్టమొస్తే ‘పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు’ అంటారు కదా, నా మీద ఉండడమూ ఒక కష్టమే అన్నట్టు! ఎర్నమ్మ నా ఎదురుగా ఆ సామెత ఎన్నడూ అనలేదు.

పోయిన వానాకాలంలో ఆమె మారిపోయింది. నన్ను పొయ్యి మీద పెట్టి, ఎదుటి గోడ వైపు చూస్తూ కూర్చునేది. నేను పొగలు కక్కుతున్నా చూసేది కాదు. ఉల్లిపాయ రుద్దడం మానేసింది. తొలి అట్టు మాడితే దాన్నే తీసి పళ్ళెంలో పడేసేది, వాటా మాటే లేదు. నాకు కడుపు మండింది. నాలో లేనిది ఆ గోడలో ఏముందో నాకు అర్థమయ్యేది కాదు. సున్నం రాలిపోయిన గోడ మీద ఈర్ష్య పడిన పెనం లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఒకరోజు ఒక డ్రైవరు, “అక్కా, సెట్నీలో ఉప్పు నేదు” అన్నాడు. అంతే, ఎర్నమ్మ ఏడ్చేసింది. పాపం అతను పళ్ళెం పట్టుకుని ఎటు పోవాలో తెలీక అలాగే నిలబడిపోయాడు.

“ఏటైందే నీకు?” అన్నాడు సన్యాసిరావు.

“ఏటీ నేదు.”

‘ఏమీ లేదు’ అనే జబ్బుకి సన్యాసిరావు చాలా వైద్యాలే చేశాడు. ముందు గ్యాస్ అన్నాడు, జీలకర్ర నీళ్ళు తాగించాడు. తర్వాత దిష్టి అన్నాడు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు. “సూసినావా, గట్టి దిష్టే” అని తేల్చాడు. అవి ఏనాటి మిరపకాయలో నాకు తెలుసు, వాటికి ఘాటు ఎక్కణ్ణుంచి వస్తుంది? చివరికి ఆయన చూపు నా మీద పడింది.

“ఈ ఇనప దిమ్మని ఎత్తలేక, దించలేక మనిషి నీరసించిపోనాది” అని, విజయనగరం వెళ్ళి నాన్‌స్టిక్ పెనం తెచ్చాడు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత. అది నున్నగా, నల్లగా మెరుస్తూ కొత్త పెళ్ళికూతురిలా వచ్చి కూర్చుంది. దాన్ని చెక్క అట్లకాడతోనే ముట్టుకోవాలట, గీత పడితే పాడైపోతుందట. ముట్టుకుంటే కందిపోయేది పెనమెలా అవుతుంది? నన్ను మాత్రం పెరటి గోడ మేకుకి తగిలించారు. వాన జల్లు పడి నాకు తుప్పు పట్టసాగింది. లోపల దాని పక్కన ఎర్నమ్మ నవ్వుతూ ఉంటుందని ఊహించుకుని నేను కుళ్ళిపోయాను.

ఆమె నవ్వలేదు. దాన్నీ సరిగా ముట్టుకోలేదు. కొన్నాళ్ళకి కొట్టే తియ్యడం మానేసింది. గాజులు మోచేతుల దాకా జారిపోతున్నాయి, తలకి నూనె లేదు, స్నానానికి కూడా ఎవరో ఒకరు లేపాలి. సవతి ఓడిపోయిందని నేను సంబరపడదామనుకున్నాను, కానీ పెరట్లోకి వచ్చినప్పుడు ఎర్నమ్మ ముఖం చూస్తే ఆ సంబరం రాలేదు.

సన్యాసిరావు చెల్లెలు నూకరత్నం పార్వతీపురం నుంచి చూడ్డానికి వచ్చింది. వదినని తీసుకొచ్చి పెరటి మెట్టు మీద, సరిగ్గా నా మేకు కింద కూర్చోబెట్టింది.

“నిద్ర పడతందా వదినా?”

“తెల్లారకుండానే మెలకువొచ్చేత్తాది. మరి పట్టదు.”

“తిండో?”

“మట్టి తిన్నట్టుంటాది.”

నూకరత్నం ఆమె చెయ్యి పట్టుకుంది. “సచ్చిపోవాలనిపిత్తందా? నాకు సెప్పు, పర్నేదు.”

ఎర్నమ్మ పమిట కొంగు వేలికి చుట్టుకుంది. “పొద్దున్న లెగకుండా ఉంటే బాగున్ననిపిత్తాది. నా వల్ల మీ అన్నకేటి సుఖం?”

మేకు మీద నేను చల్లబడిపోయాను. ఇన్నాళ్ళూ గోడనీ ఆ నున్నటి దాన్నీ ఆడిపోసుకున్నాను. ఎర్నమ్మని నా దగ్గర్నుంచి లాక్కుపోతున్నది వేరే ఏదో ఉంది, దానికి నా మీద గానీ ఆ సవతి మీద గానీ ఏ లెక్కా లేదు.

“ఇది దిష్టి కాదు వదినా, బద్దకం అంతకన్నా కాదు. జబ్బు. సిన్నది పుట్టినాక నాకూ వచ్చింది. డాకటరమ్మ కాడికెల్లి మాత్తర్లు మింగేను. మా ఇంట్లో సిగ్గేసి బీపీ మాత్తర్లని సెప్పేను. దాంతో ఇంటిల్లిపాదీ నాకు ఉప్పు మానిపించేసినారు. నయమయ్యేదాకా సప్పిడి కూడే తిన్నాను.”

ఎర్నమ్మ ముక్కులోంచి చిన్న చప్పుడు వచ్చింది. అది నవ్వో ఏడుపో నాకు తెలీలేదు.

“రేపు విజీనారం ఎల్దాం. అందాకా నిన్నొంటిగా ఒగ్గను” అంది నూకరత్నం. అన్నట్టే వదిన పక్కలోనే పడుకుంది.

డాక్టరమ్మ చెప్పినవన్నీ వచ్చాక నూకరత్నం అన్నకి చెబుతుంటే విన్నాను. దీన్ని కుంగుబాటు అంటారు. మాత్రలు వేసుకున్న మర్నాడే గుణం కనిపించదు, కొన్ని వారాలు పడుతుంది. బాగైపోయిందని తమంతట తాము మానెయ్యకూడదు. అప్పుడప్పుడూ వెళ్ళి మనసులో మాట చెప్పుకుని రావాలి. ఈ మాత్ర పరగడుపున వద్దు, ఏదైనా తిన్నాకే.

సన్యాసిరావు తల గోక్కున్నాడు. “పెనం మార్సినాను గానీ, మనిషినడగనేదు” అన్నాడు.

ఆ విధంగా ఎర్నమ్మ జీవితంలోకి ఒక ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. చిటికెన వేలి గోరంత మాత్రలు. అవి వేడెక్కవు, చుయ్‌మనవు, ఒక్క అట్టయినా వెయ్యలేవు. అయినా అందరి ధ్యాసా దాని మీదే. ‘ఏసుకున్నావా?’ అని మొగుడు, ‘ఏసుకున్నావా?’ అని ఫోనులో ఆడపడుచు. నా గురించి ఎవరైనా ఎప్పుడైనా అలా అడిగారా?

చాలా రోజులు ఏమీ మారలేదు. దొంగ మాత్రలని లోలోపల తిట్టుకున్నాను. తర్వాత ఒక ఉదయం ఆమె తనంతట తనే తల దువ్వుకుని పెరట్లోకి వచ్చింది. ఆగి, పైకి చూసింది.

“ఓలమ్మో, దీనికెంత తుప్పట్టీసింది!”

ఇటుక పొడితో, కొబ్బరి పీచుతో తోమింది. నూనె రాసి కాల్చింది. మొదటి అట్లు నాకు అతుక్కుపోయి పీలికలయ్యాయి. పాత ఇనుములో పారేద్దామన్నాడు సన్యాసిరావు.

“ఒక్క పూటకి దారికొచ్చేత్తాదేటి? రోజూ నూనె రాయాల” అందామె.

రోజూ రాసింది. కొట్టు మళ్ళీ తెరిచిన రోజు, తొలి అట్టు అంచులు ఎర్రగా కాలి, చక్కగా లేచి వచ్చింది. ‘దీని వాటా’ అనే మాట కోసం నేను చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఎర్నమ్మ ఆ అట్టు పళ్ళెంలో వేసుకుని, కూర్చుని, మొత్తం తినేసింది. తర్వాత డబ్బా తెరిచి మాత్ర మింగింది. నా వాటా ఆ డబ్బా కోసం పోయింది! పైన రేకు మీద కాకులు, కింద నేను, అందరం మొహాలు వేలాడేసుకున్నాం.

రోజూ అదే తంతు. ఒకసారి కూర్మారావనే డ్రైవరు డబ్బా చూసి, “అక్కా, బీపీయేటి?” అన్నాడు.

“అవునవును, బీపీ” అన్నాడు సన్యాసిరావు గబుక్కున.

“నువ్వూరుకో మావా. నాకు సప్పిడి కూడు ఒద్దు” అంది ఎర్నమ్మ. కూర్మారావు వైపు తిరిగింది. “బీపీ కాదు తమ్ముడూ. దిగులు జబ్బొచ్చింది. దానికి మందు.”

కూర్మారావు తినడం ఆపేశాడు. మిగతావాళ్ళంతా లేచి వెళ్ళేదాకా అట్టు పళ్ళెంలోనే చల్లారింది. అప్పుడు మెల్లగా అడిగాడు.

“మా ఇంటిది తెల్లారకుండా లెగిసి అలాగే కూకుంటాదక్కా. నాను బద్దకమని తిడతన్నాను. ఆ మందు ఎక్కడిత్తారు?”

ఎర్నమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి అతని పక్కన కూర్చుంది. నేను ఖాళీగా కాలుతూనే ఉన్నాను. ఆ వేళ ఏమీ అనుకోలేదు.

డబ్బా మీద నాకు ఈర్ష్య పోయిందని మాత్రం అనుకోకండి. ఏదో ఒకనాటికి డాక్టరమ్మే దాన్ని చాలిస్తుందట, ఆ రోజు కోసం కాచుకుని ఉన్నాను. ఒక్క సంగతిలోనే నా పద్ధతి మారింది. కాకులకి వేసే రోజుల్లో తొలి అట్టు మాడినా చిరిగినా నాకు పట్టేది కాదు. ఇప్పుడు మాడనివ్వను. దాన్ని తినేది ఎర్నమ్మ.