బొండాల కత్తికి బొట్టు

దసరా సెలవులు అయిపోయి సూర్యకళ ల్యాబు తలుపు తీసేసరికి లోపల పెళ్లి జరిగిన ఇల్లులా ఉంది. గడప దగ్గర పగలగొట్టిన గుమ్మడికాయకు చీమలు పట్టాయి. నెత్తుటి నమూనాలు దాచే ఫ్రిజ్‌కు బంతిపూల దండ. మైక్రోస్కోపుకు బొట్టు, కంప్యూటరుకు బొట్టు, ఎప్పుడో పాడై మూలన పడి ఉన్న ఏసీకి కూడా బొట్టు.

"బిక్షపతన్నా! గీ గుమ్మడికాయ ఇంక ఎత్తెయ్యలేదేందే?"

అటెండరు బిక్షపతి చీపురు పట్టుకుని వచ్చాడు. "పూజ కాయ మేడం. జర ఆగి తియ్యమన్నడు సారు."

"సారు చెప్పిండు సరే. చీమలకెవరు చెప్తరు? ఫ్రిజ్ దాకా లైన్ కట్టినయ్ సూడు."

నాచారం పారిశ్రామికవాడలో, మందుల కంపెనీకీ బిస్కెట్ల గోదాముకూ మధ్యన ఉంది ఈ ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబు. చుట్టుపక్కల ఠాణాల నుంచి కత్తులు, గొడ్డళ్లు, మరకల బట్టలు సీలు వేసిన మూటల్లో ఇక్కడికే వస్తాయి. రక్త పరీక్షల విభాగానికి పెద్దగా ఉన్నాయన రిటైరై చాలా కాలమైంది. ఆయన కుర్చీ అప్పటి నుంచి ఖాళీ. ఆయన పని మాత్రం సూర్యకళ నెత్తిన పడింది. పెళ్లి ఒకరిది, పెత్తనం ఒకరిది అన్నట్టు, పని ఆమెది, మీటింగుల్లో మాట డైరెక్టరు ఉమామహేశ్వర్‌ది.

ఆ కుర్చీకి రేపు ఇంటర్వ్యూ. డైరెక్టరు సిఫారసు రాస్తే కుర్చీ ఆమెదే. "రాస్తానండీ, మీరు కాకపోతే ఇంకెవరు?" అని ఆయన బతుకమ్మ పండగకు ముందే మాట ఇచ్చాడు.

సెలవులకు ముందు రోజే పూజ చేశారు. ఆ రోజున సూర్యకళ ఇక్కడ లేదు. భువనగిరి కోర్టులో ఉంది. ఈ వృత్తిలో ఒక రివాజు ఉంది. రిపోర్టు మీద ఎవరు సంతకం పెడితే వాళ్లే బోనెక్కి సాక్ష్యం చెప్పాలి, ఎన్నేళ్ల తరువాత పిలిచినా సరే. అందుకే తెలివైన వాళ్లు సంతకం దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుంటారు. సూర్యకళకు ఆ తెలివి లేదు. జిల్లా కోర్టుల వరండాలన్నీ ఆమెకు పుట్టిళ్లయ్యాయి.

మైక్రోస్కోపు తుడుస్తూ ఆమె వెనక బల్ల వైపు తిరిగింది. అక్కడే ఆగిపోయింది.

తెల్లకాగితం మీద వరసగా రెండు చాకులు, ఒక బొండాల కత్తి. మూడింటికీ పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టి, పక్కన ఒక్కో పువ్వు పెట్టారు. ఎంత శ్రద్ధగా పెట్టారంటే, ఏ బొట్టూ వంకర పోలేదు.

"సాయి ప్రియా!"

నిరుడు కాంట్రాక్టు మీద చేరిన పిల్ల సాయి ప్రియ లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. బల్ల వైపు చూడకుండా నేల వైపు చూసింది.

"మేడం, సీళ్లు సూసిన, రాసుకున్న, మూటలు విప్పి ఫొటోలు గూడ తీసిన. దూది పుల్లతోటి మరకలు తీద్దామనుకునేసరికి సారు ప్రసాదానికి పిలిచిన్రు. రెండు నిమిషాలే గదాని బల్ల మీదనే ఇడిసిపెట్టి పోయిన. వచ్చేసరికి హారతి గూడ అయిపోయింది. సారు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల గూడ పెట్టిన్రు."

ఆ బొండాల కత్తి బాలరాజుది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర కొబ్బరి బొండాలు అమ్ముకునేవాడు. దానితో మనిషిని నరికాడని పోలీసులు, దాని మీద ఉన్నది కొబ్బరి నీళ్ల మరకేనని అతను. ఏది నిజమో ఈ ల్యాబు చెప్పాలి. చెప్పేదాకా అతను చర్లపల్లి జైల్లో కూర్చుని ఉంటాడు.

మొదటి పరీక్షలో మందు చుక్క వేస్తే నెత్తురు గులాబీ రంగుకు తిరుగుతుంది. కానీ పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎర్రబారినట్టు, ఆ మందు తగిలితే ఉత్త పసుపు కూడా ఎర్రబారుతుంది. ఇప్పుడు కత్తి నిండా పసుపే.

"ఏమిటండీ సూర్యకళ గారూ, పండగ మర్నాడే కేకలు?" ఉమామహేశ్వర్ చేతిలో లడ్డూల డబ్బాతో వచ్చాడు.

"సార్, కత్తులకు బొట్లు ఎవరు పెట్టిన్రు?"

"నేనే. ఆయుధ పూజ కదండీ! అసలైన ఆయుధాలు బల్ల మీద ఉంటే, వాటిని వదిలేసి ఫ్రిజ్జుకు పూజ చేయమంటారా?"

ఆ మాటలో తర్కం లేకపోలేదు. సూర్యకళకు ఒళ్లు మండింది అందుకే.

"గవి మన ఆయుధాలు గావు సార్. ముద్దాయిలయి."

"ఎవరివైనా అమ్మవారివేనండీ. లడ్డూ తీసుకోండి."

"నాకొద్దు. మీరు ఫొటో తీసి గ్రూపుల గూడ పెట్టిన్రంట."

"తీసేశాను. అందరికీ డిలీట్ కొట్టాను."

"అంటే తప్పని మీకు గూడ తెలిసింది గద సార్!"

డైరెక్టరు డబ్బా మూత పెట్టాడు. గొంతు తగ్గించాడు. "స్పిరిట్‌లో దూది ముంచి శుభ్రంగా తుడిచేయండి. రక్తం లేదని రిపోర్టు ఇచ్చేయండి. అయిపోయింది."

"తుడిస్తే బొట్టుతోటే, నెత్తురుంటే అది గూడ పోతది. అప్పుడు లేదని రాస్తే అది అబద్ధం. తుడవకుంట పరీక్ష చేసి ఉన్నదని రాస్తే పసుపును నెత్తురన్నట్టు. ఏం జరిగిందో కోర్టుకు రాద్దాం. పిడి సందుల పసుపు అంటలేదు, అక్కడ నుంచి నమూనా తీస్త."

"కోర్టుకా? మన ల్యాబు పరువు ఏం కావాలి? లీడర్‌షిప్ అంటే టీమును కాపాడుకోవడమండీ. రేపు ఇంటర్వ్యూలో మిమ్మల్ని అడిగేది ఇదే."

"మంచిది సార్. తుడిచేసినంక రిపోర్టు మీద మీరే సంతకం పెట్టున్రి. కోర్టుకు మీరే పోయి చెప్పున్రి."

"డైరెక్టర్లు సంతకాలు పెట్టరండీ. దిశానిర్దేశం చేస్తారు."

వెనక బిక్షపతికి దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

ఉమామహేశ్వర్ సాయి ప్రియ వైపు తిరిగాడు. "అమ్మా, మూట విప్పింది నువ్వే కదా. సంతకం కూడా నువ్వే పెట్టు. నీ కాంట్రాక్టు సంగతి నేను చూసుకుంటాను. సూర్యకళ గారికి ఇంటర్వ్యూ హడావిడి ఉంది, ఆవిణ్ని ఇందులోకి లాగొద్దు. సిఫారసు సాయంత్రానికల్లా పంపించేస్తాను."

సాయి ప్రియ పెన్ను తీసింది. తీసి, సూర్యకళ వైపు చూసింది.

సూర్యకళ చేయాల్సిందల్లా కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడటం. చాయ్ తాగినంత సేపు బయటికి చూస్తే చాలు, కుర్చీ వచ్చేస్తుంది. కిటికీ దగ్గరికి వెళ్లింది కూడా. బయట గోదాము ముందు లారీ వెనక్కి పోతూ పీపీ మంటోంది. సంతకం పెడితే ఈ పిల్ల టిఫిన్ డబ్బా పట్టుకుని ఏదో కోర్టు వరండాలో పొద్దంతా కూర్చుంటుంది. నల్లకోటు వకీలు అడుగుతాడు, అమ్మా, నువ్వు చూసినప్పుడు కత్తి మీద ఏమీ లేదా అని. ఈ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు, నిజం చెప్పే ధైర్యం అప్పటికి మిగలదు. అవతల బాలరాజు నిలబడి ఇద్దరి నోళ్లూ చూస్తుంటాడు.

"థూ!" అంది సూర్యకళ, ఎవర్ని ఉద్దేశించో ఆమెకే తెలియలేదు. వెనక్కి వచ్చి పిల్ల చేతిలోంచి పెన్ను లాక్కుంది. "నీకేమన్న పిచ్చి లేసిందా? ఏడ పెట్టమంటే గాడ పెడ్తవా? జరుగు!"

కుర్చీ లాక్కుని కేసు ఫైలులో రాయడం మొదలుపెట్టింది. ఎవరు విప్పారు, ఎందుకు వదిలి వెళ్లారు, ఎవరు పసుపు కుంకుమలు పెట్టారు, ఏ చోట అంటలేదు, అన్నీ రాసింది. కింద తన సంతకం పెట్టింది.

"నేను బల్ల మీద ఇడిసిపెట్టిన ముచ్చట గూడ రాసిన్రా మేడం?" అంది సాయి ప్రియ.

"రాసిన."

"అయితే నేను గూడ సంతకం పెడ్త."

"కోర్టంటే తెలుసానె నీకు? బస్సుల కూసుంటే నడుములు పోతయ్. పోయి పోయి కూసుంటే వాయిదా అంటరు."

"పెడ్త మేడం."

సూర్యకళ పెన్ను ఆమె ముందుకు తోసింది. "పెట్టు. మల్ల నన్ను తిట్టకు."

ఉమామహేశ్వర్ లడ్డూల డబ్బా చంకన పెట్టుకున్నాడు. "ఆ సిఫారసు నేను పంపలేనండీ. అర్థం చేసుకోండి," అన్నాడు చివరికి.

"అర్థమైంది సార్. ఇంటర్వ్యూకు మాత్రం పోత. సిఫారసు లేకుంట ఎందుకొచ్చిన్రని అడిగితే గిదే చెప్త."

ఆయన తలుపు దాకా వెళ్లి ఆగాడు. "పూజ చేసింది నేనని పేరు రాశారా?"

"రాసిన."

"డాక్టర్ అని పెట్టారా పేరు ముందు?"

సూర్యకళ కళ్లు మూసుకుని తెరిచింది. "పెట్టిన సార్," అంది. తరువాత చేతికి గ్లవుజులు తొడుక్కుంటూ కేక వేసింది, "బిక్షపతన్నా, ముందుగాల ఆ గుమ్మడికాయ తియ్!"