పూడ్చిన చిల్లు

నేను ఒక మట్టి కుండీని. కుమ్మరి నన్ను చేయడం ముగించి, చివర్లో అడుగున వేలితో ఒక చిల్లు పొడిచాడు. కుండకు చిల్లు పడితే పారేస్తారు. కుండీకి చిల్లు లేకపోతే పనికిరాదు. ఈ తేడా తెలియని ఇంట్లో పడ్డాను, నా ఖర్మ.

నన్ను కొన్నది కళ్యాణదుర్గం తిప్పేస్వామి, ఒకప్పటి లారీ డ్రైవరు. నర్సరీలో నాలో ఒక ఎడారి గులాబీని నాటించి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మొక్క పొట్టిదే గానీ బోదె చేమగడ్డలా ఉబ్బి ఉంటుంది. తన నీళ్ళు తానే అందులో దాచుకుంటుంది. మన్ను బాగా ఎండాకే నీళ్ళు పోయమన్నాడు నర్సరీవాడు.

ఆ మాటకు తిప్పేస్వామి భార్య లింగమ్మ నవ్వింది. "నీళ్ళొద్దనే చెట్టు యాడన్నా ఉంటాదా?" అంది. చిన్నతనమంతా దూరం నుంచి బిందెలు మోసిన మనిషి. ఆమెకు ప్రేమంటే నీళ్ళు పోయడమే. తిప్పేస్వామి అడ్డుపడబట్టి మొక్క బతికింది, మొదటి ఎండాకాలం ఎర్రగా పూసింది కూడా.

ఆ తర్వాత ఆయన కిడ్నీలు చెడిపోయాయి. నీళ్ళు కొలిచి తాగాలన్నారు డాక్టర్లు. మంచం వరండాలో, నా పక్కనే వేశారు.

"ఒక్క గుక్కెడు పొయ్యే లింగీ."

"పోస్తే సచ్చిపోతావయ్యా. డాక్టరు వద్దన్యాడు గదా."

తెచ్చిన చెంబును ఏం చేయాలో తోచక ఆమె నాలో కుమ్మరించేది. "నువ్వన్నా తాగు తల్లీ" అనేది మొక్కతో. "దానికీ వద్దే, కుళ్ళిపోతాది" అనేవాడాయన, గుటకలు మింగుతూ. దాహంతో ఉన్నవాడు నీళ్ళొద్దంటే ఎవరు నమ్ముతారు?

పోసినవన్నీ నా చిల్లులోంచి కారిపోయేవి. మొక్కను కాపాడింది అదే. కానీ నీళ్ళు కారుతుంటే చూస్తూ ఊరుకోవడం లింగమ్మ పుట్టిన ఊళ్ళో పాపం. పక్కింటి గోడకు కలిపిన సిమెంటు పిడికెడు తెచ్చి, నా చిల్లు పూడ్చేసింది. పని బాగా కుదిరిందని నన్ను నిమిరింది కూడా.

నాకు నోరు లేదు. లోపల మన్ను బురదై పులిసింది. వేళ్ళు ఒక్కొక్కటే మెత్తబడి జారిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. ఆకులు పండి రాలితే, దాహమేమోనని ఆమె ఇంకో చెంబు పోసింది.

ఒకరోజు తిప్పేస్వామి చెయ్యి చాచి బోదెను నొక్కాడు. వేలు లోపలికి దిగింది. నీరు పట్టిన తన కాలిని కూడా అలాగే నొక్కి చూసుకున్నాడు. అక్కడా గుంట పడింది. కాలి మీదికి దుప్పటి లాక్కున్నాడు.

ముందు ఆయనే పోయాడు. అందరూ వరసగా వచ్చి నోట్లో తులసినీళ్ళు వదిలారు. లింగమ్మ చెంబు నిండా తెచ్చింది. "తాగయ్యా, ఇంగ ఎవురూ వద్దనరు" అంటూ పోసింది. నీళ్ళన్నీ పెదవి అంచు నుంచి దిండు మీదికి కారిపోయాయి.

కుళ్ళిన మొక్కను పీకేసి, నన్ను దొడ్డిగోడ వారన పడేశారు. మొన్నటి వానలకు అంచుదాకా నిండాను. చుక్క కారలేదు. లింగమ్మ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టింది.

"ఇన్ని నీళ్ళుండాయి," అంది, "తాగేటోళ్ళే లేరు."