ఏడేళ్లు విని వినకూడదన్నారు

నేను ఒక సర్వే రాయిని. నన్ను చూసి నవ్వకండి. నా దగ్గరికి నవ్వుతూ వచ్చినవాడు వెనక గునపం దాచుకొచ్చాడు.

కొండ కింది క్వారీలో పుట్టాను. నెత్తిన బాణం గుర్తు చెక్కి, దాలమ్మ జీడితోటకూ కూర్మినాయుడి తోటకూ మధ్య నన్ను పాతారు. పాతే ముందు గుంటలో బొగ్గు పోశారు. రాయిని ఎవరైనా జరిపితే అసలు చోటు ఆ బొగ్గు చెబుతుందట. అంటే మొదటి రోజే నన్ను నమ్మలేదన్నమాట. నాకది నచ్చింది.

దాలమ్మ భర్త దినాల్లో ఆమె ఇల్లు కదలని సమయం చూసి, కూర్మినాయుడు నన్ను పెకలించి నలభై అడుగులు ఆమె తోటలోకి జరిపాడు. రెండు వరసల చెట్లు అతనివైపు పోయాయి. ఆ చెట్ల కాపే ఆమెకు తిండి.

"ఏటి మరిదీ, రాయి నడిసొచ్చీసిందా?"

"వానలకి జారుంటాదొదినా."

"మెట్ట మీదకి జారిందేటి?"

ఆమె వకీలు జోగారావు పట్నం కోర్టులో దావా వేశాడు. ఇల్లు ఈ ఊళ్లో ఉంది కనుక తోట కూడా ఈ ఊరిదే అనుకున్నారు. పటం ఎవరూ తెరవలేదు. ఏడేళ్లు వాయిదాలు నడిచాక కోర్టు పంపిన కమిషనరు వచ్చి తవ్వించాడు. బొగ్గు బయటపడింది. దాలమ్మ కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం వాళ్లు తెచ్చిన కొలత గొలుసు మీదినుంచి చూపు తిప్పలేదు. దాన్ని పొలిమేర దాకా లాగారు మరి. తోటంతా పొలిమేర అవతల, ఏజెన్సీ ఊరి పటంలో తేలింది.

నన్ను సాక్ష్యంగా కోర్టు వరండాకు తెచ్చారు. తోట ఏజెన్సీదేనని కూర్మినాయుడు అదే పట్టుకున్నాడు. ఏజెన్సీ భూమి తగాదా అక్కడి అధికారే వినాలి, ఆ అధికారం తమకు లేదని జడ్జిగారు దావా కొట్టేశారు. నన్ను జరిపిందెవరో తీర్పులో ఒక్క ముక్క లేదు.

"గెలిసినట్టా బాబూ, ఓడినట్టా?"

"రెండూ కాదమ్మా. ఈ కోర్టు వినకూడదట."

"మరేడేళ్లూ ఏటిన్నారు?"

జోగారావు ఫైలు తాడు బిగించుకున్నాడు. ముడి అప్పటికే గట్టిగా ఉంది.

దాలమ్మ దరఖాస్తు పెట్టి నన్ను విడిపించుకుంది. బస్సులో వేసుకుని ఏజెన్సీ అధికారి కచేరీకి తెచ్చింది. అక్కడ కూర్మినాయుడు కొత్త కాగితం ఇచ్చాడు. ఆ తోట ఏజెన్సీలోది కాదట!

అధికారి పాత తీర్పు తిరగేశాడు. "అక్కడ ఏజెన్సీ అన్నావు, ఇక్కడ కాదంటున్నావు. ఇంతకీ ఎక్కడుందయ్యా తోట?"

కూర్మినాయుడు తన వకీలు వైపు చూశాడు. వకీలు కిటికీ వైపు చూశాడు.

"నాను సూపిత్తాను బాబూ, రండి," అంది దాలమ్మ.

"జీపు రానీ అమ్మా, వెళ్దాం."

జీపు ఇంకా రాలేదు. దాలమ్మ కచేరీ వరండాలో నా మీద కూర్చుంది. జీపు కోసమో, నన్ను మళ్లీ ఎవరైనా జరుపుతారనో చెప్పలేదు. నేనూ అడగలేదు. నేల వదిలాక నన్ను కదలకుండా ఉంచింది ఆమె బరువొక్కటే.