ముందు గదుల్లో అద్దెకున్నవాళ్లు

హిమజ హాస్పిటల్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి, రైస్ కుక్కర్ ఆన్ చేసి, అందరికీ పప్పు వండేది. అందరూ అంటే తనూ, భర్త ఉదయభాస్కరూ, ముందు గదుల్లో అద్దెకున్న ముగ్గురు పెద్దవాళ్లూ. ఆ ముగ్గురూ రెండో శతాబ్దం నుంచి వచ్చారు. న్యూజిలాండ్‌లో ఈ పామర్‌స్టన్ నార్త్ ఊళ్లో అద్దెలు తక్కువని విన్నారట. ఇంటి ఓనర్ సిగరెట్లు తాగుతారా అని మాత్రం అడిగాడు.

ముగ్గురూ క్రీస్తును నమ్మినవాళ్లే. ముగ్గురికీ పడదు. యేసు యోసేపుకి పుట్టిన మామూలు మనిషేననీ, నీతిగా బతికాడు కాబట్టి దేవుడు ఎన్నుకున్నాడనీ యోసే అంకుల్ అనేవాడు; విశ్రాంతి దినమని శనివారం స్టవ్ ముట్టడు. ఈ లోకాన్ని చేసినవాడు వేరు, ప్రేమగల తండ్రి వేరు అని లూకియా ఆంటీ. యేసుకి అసలు ఒళ్లే లేదు, జనానికి అలా కనిపించిందంతే అని థియోన్ అంకుల్. గుంటూరులో లూథరన్ చర్చికి వెళ్తూ పెరిగిన హిమజ అన్నిటికీ తలూపేది.

ఆ చలికాలమంతా ఆమె దేనికైనా తలూపేది. నెలలు నిండాక పాప చనిపోయి పుట్టింది. దేవుడి చిత్తం అన్నారు పాస్టర్‌గారు. తలూపింది. "ఆక్లండ్ వెళ్లిపోదాం హిమా. మౌంట్ రాస్కిల్‌లో మనవాళ్లుంటారు, కాస్త మర్చిపోవచ్చు" అన్నాడు ఉదయ్. దానికీ ఊపింది. ఏడుపు రాలేదు. సమాధి దగ్గరికి ఒక్కసారీ వెళ్లలేదు.

సామాన్లు సర్దుతున్న ఆదివారం, భోజనాల దగ్గర థియోన్ ఆమెను ఓదార్చబోయాడు.

"బాధపడకమ్మా. ఒళ్లనేది ఉత్త భ్రమ. నీ బిడ్డదీ అంతే. పోయిందేమీ లేదు."

హిమజ గరిటె కింద పెట్టింది.

"గోళ్లు పెరిగున్నాయి అంకుల్. కత్తిరించాల్సినంత. నేను ఎత్తుకున్నాను. బరువుంది."

థియోన్ తన చేతుల వంక చాలాసేపు చూసుకున్నాడు. పద్దెనిమిది వందల ఏళ్లుగా ఎవరికీ తగ్గనివాడు.

"అయితే నేను పొరబడ్డానమ్మా" అన్నాడు. ఆ మాటతో ఆయన కింద కుర్చీ కిర్రుమంది. అంతవరకూ ఆయన బరువు ఏ కుర్చీకీ తెలియదు. యోసే లేచి ఆయనకి మంచినీళ్లిచ్చాడు.

"ఉదయ్, నేను ఆక్లండ్ రాను" అంది హిమజ. "పాప ఇక్కడుంది."

"నువ్వు ఒక్కసారైనా వెళ్లలేదుగా అక్కడికి."

"ఇప్పుడు తీసుకెళ్లు."

శ్మశానంలో గడ్డి తడిగా ఉంది. హిమజ నిలబడింది. అప్పుడూ ఏడుపు రాలేదు. కాసేపటికి, "చలేస్తోంది" అంది. పాప పోయాక తనకేమవుతోందో ఆమె నోరు తెరిచి చెప్పడం అదే మొదలు. ఉదయ్ తన జాకెట్ విప్పి కప్పాడు. ఇద్దరూ చీకటి పడేదాకా అక్కడే ఉన్నారు.