పసుపు రాసిన తాడు

పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టి, కాఫీ తాగి, రాగిణి వెనక తలుపు తీసి చూసేది. మొదటి మంచు పడిందంటే గడప పక్కన తాడు మొలిచి ఉండేది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, ఆ కౌంటీ అంతా ఏ ఇంటికైనా అంతే.

తొలిరోజుల్లో ఎడ్లబళ్ల మీద వచ్చినవాళ్లకి అక్కడ చెట్టన్నది కనపడలేదు. గడ్డినేలనే వేళ్లతో సహా ఇటుకల్లా కోసి ఇళ్లు కట్టుకున్నారు. ఎండుగడ్డి మెలిపెట్టి పొయ్యి రాజేశారు. మొదటి చలికాలంలోనే ఒక ఇల్లాలు ఆవుకి మేత వేద్దామని వెళ్లి, మంచుగాలిలో దారి తెలియక తన వాకిట్లోనే పోయింది. అప్పట్నుంచి ఇంటికీ కొట్టానికీ తాడు కట్టుకునేవారు. కొట్టాలు కూలిపోయాయి, కట్టినవాళ్లూ పోయారు. తాళ్లు మాత్రం ఏటా వాటంతటవే వస్తాయి, ఆ ఇంటి మనిషి కోసం ఎదురుచూసేవాళ్ల గుమ్మం దాకా.

"నాది మా అన్న ఇంటికి పోతుంది. మాటల్లేవు మా ఇద్దరికీ. అయినా ముసలాడు ఎదురుచూస్తాడు కాబోలు," అనేది పక్కింటి ఎల్సా. పక్కిల్లంటే కారెక్కి వెళ్లాల్సిందే.

రాగిణి తాడు మాత్రం వాకిలి దాటాక గడ్డిలో ఊరికే పడుండేది. అయినా ఏటా దానికి పసుపు రాసి బొట్టు పెట్టేది. ఊళ్లో ఉన్న ఒక్క మందుల షాపులో పని ఆమెది. రోజంతా వినపడే మాట "థాంక్యూ" ఒక్కటే.

"ఆ గడ్డిలో ఏముందే? మా ఊరు ఇర్వింగ్ వచ్చెయ్. జాబ్ నేను చూశాగా!" అంది భావనక్క ఫోన్లో.

"వస్తాలే అక్కా. నేను పోయినా ఇక్కడ ఎవరికీ తెలీదు."

షాపులో ఎల్సాతో చెబితే, "మరి నా బీపీ మాత్రలు?" అంది.

బయల్దేరిన పొద్దున కూడా, అలవాటు తప్పడమెందుకని తాడుకి పసుపు రాసింది. దేవుడి పటాలు పక్క సీట్లో పెట్టుకుంది. హైవే ఎక్కకముందే మంచుగాలి లేచింది. కారు రోడ్డు పక్క గుంటలోకి జారింది. ఇంజన్ ఆగింది, ఫోన్‌కి సిగ్నల్ లేదు. అద్దాలన్నీ తెల్లబడిపోయాయి.

"అమ్మా, తల్లీ" అనుకుంటూ తలుపు తోసింది. చేతికి తాడు తగిలింది. అంత తెలుపులోనూ పచ్చగా, తన వేళ్ల గుర్తులతో.

ఇన్నేళ్లూ నేలమీద పడున్న తాడు ఇప్పుడు బిగిసి ఉంది. తను వదిలేసిన ఇంటికే పోతుందనుకుంటూ, పట్టుకుని నడిచింది. అది ఎల్సా వంటింట్లోకి పోయింది. కొస ఎల్సా కుర్చీ కాలికి చుట్టుకుని ఉంది. బల్లమీద రెండు కప్పులు.

"పొద్దుట్నుంచీ కుర్చీని లాగి చంపుతోంది," అంది ఎల్సా విసుగ్గా. "ఇంకాసేపుంటే నన్నూ ఈడ్చుకుపోయేది. ఆ బూట్లు అక్కడ విప్పు. నేలంతా తడి."

రాగిణి కప్పు అందుకుంది. కప్పుకి పసుపు అంటింది. ఎల్సా చూసింది, తుడవలేదు.

గాలి నిలిచాక, కారు గుంటలోంచి లాగించుకుని, రాగిణి భావనక్కకి "రావట్లేదక్కా" అని మెసేజ్ పెట్టింది. కొత్త మనిషి ఇంకా దొరకని షాపుని మళ్లీ తనే తెరిచింది. సాయంత్రం ఇంటికొచ్చి, ఎల్సా మాత్రలు సంచిలో వేసుకుని వెనక తలుపు తీసింది. కారు తాళాల జోలికి పోలేదు. తాడు పట్టుకుని నడిచింది.